మెత్తబడేది ముందు: అనంతపురంలో ఆపిల్ నిల్వ ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు మొదటి వారం

మా యూనిట్ అనంతపురం బయట, గార్లదిన్నె వైపు పోయే దారిలో ఉంది. మామిడి, బొప్పాయి, టమోటా సీజన్లలో తల ఎత్తుకునే తీరిక ఉండదు. దసరా దాటిందంటే తొక్క తీసే యంత్రం, ముక్కలు కోసే యంత్రం, డ్రయ్యర్ అన్నీ ఖాళీ. పని నేర్చుకున్న మనుషులను నిలబెట్టుకోవాలంటే ఏడాది పొడుగునా పని చూపించాలి. అందుకని ఈసారి చలికాలమంతా ఆపిల్‌తో నడపాలని నిర్ణయించాం. బేకరీలకు, మ్యూస్లీ చేసేవాళ్లకు ఎండు ఆపిల్ చక్రాలు, ముక్కలు. మిగిలినదానితో జామ్.

ఆపిల్ మన నేల పంట కాదు. హిమాచల్ నుంచో కశ్మీర్ నుంచో రావాలి. అక్కడ జూలైలో మొదలైన కోతలు అక్టోబరు చివరికి దాదాపు ముగింపుకొస్తాయి. మాకు మాత్రం కాయ ఫిబ్రవరి దాకా కావాలి. అంటే ఇప్పుడే కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకొని, అవసరమైనంత తీసి వాడుకోవాలి. లెక్క ఇంతవరకు సులభం. చిక్కంతా గట్టితనం దగ్గరే.

మా తొక్క తీసే యంత్రం కాయను ముళ్ల మీద గుచ్చి తిప్పుతుంది. కాయ గట్టిగా ఉంటే తొక్క సన్నగా, పొడుగ్గా లేచి వస్తుంది. మెత్తబడిందో, ముళ్లు లోపల వదులైపోతాయి, ముళ్లు తిరుగుతున్నా కాయ తిరగదు, బ్లేడు తొక్కతో పాటు గుజ్జును కూడా లాక్కుపోతుంది. గింజలు తీసే గొట్టం దిగేసరికి కాయ రెండుగా చీలుతుంది. ఎలాగోలా చక్రాలు కోసినా ట్రేలో పరిచేలోపే తునిగిపోతాయి. తినేవాళ్లకు కాస్త మెత్తటి ఆపిల్ అయినా పర్వాలేదు. యంత్రానికి అలా కుదరదు.

సెప్టెంబరు మూడో వారం: గది

ఊరికి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీలో ఒక చాంబర్ అద్దెకు మాట్లాడాం. ఇన్నాళ్లూ అందులో శనగలు, చింతపండు, ఎండుమిర్చి పెట్టేవాళ్లు. అమ్మోనియా ప్లాంటు నడిపే ఆపరేటర్ అన్న అనుభవం ఉన్న మనిషి. నేను ఆపిల్ అనగానే, "చల్లదనం మీరు ఎంత చెప్తే అంత దించుతాను సార్. మైనస్ రెండు పెట్టేద్దామా? కాయ కదలకుండా ఉంటాది" అన్నాడు.

మైనస్ రెండు వద్దని చెప్పాను. రసంలో చక్కెర ఉంటుంది కాబట్టి ఆపిల్ సున్నా దగ్గర గడ్డకట్టదు, కానీ మైనస్ ఒకటిన్నర, రెండు మధ్య గడ్డ కడుతుంది. ఒకసారి గడ్డ కట్టి కరిగితే కణాలు పగిలి, కాయ గోధుమరంగుకు తిరిగి మెత్తగా అయిపోతుంది. మాకు కావలసింది సున్నా నుంచి ఒక డిగ్రీ. అదీ గోడ మీది మీటరు చూపించే డిగ్రీ కాదు, కాయ లోపలి డిగ్రీ. ఫ్యాను నుంచి నేరుగా వచ్చే గాలి మీటరు చూపించేదానికంటే చల్లగా ఉంటుంది. అందుకే వేడి కొలిచే ఒక ప్రోబ్ సరిగ్గా ఫ్యాను ఎదుటి వరసలో పై డబ్బాలో పెట్టించాను. గడ్డ కడితే మొదట కట్టేది అక్కడే.

చల్లదనం కంటే పెద్ద తలనొప్పి తేమ. మిర్చికి, శనగకు పొడి గాలి కావాలి, తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. ఆపిల్‌కు దానికి పూర్తిగా వ్యతిరేకం, 90 నుంచి 95 శాతం తేమ ఉండాలి. ఈ గది పొడిగా ఉంచడానికే అలవాటుపడి ఉంది. కూలర్‌లో చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, గది కంటే బాగా చల్లగా నడుస్తుంటే గాలిలోని తేమంతా దాని మీద మంచుగా పేరుకుంటుంది. ఆ తేమ ఎక్కడి నుంచో రాదు, కాయల్లోంచే వస్తుంది. చివరికి మంచు కాయిల్ మీద, ముడతలు కాయ మీద.

ఆపరేటర్ అన్నకు ఈ సంగతి వివరించాల్సిన అవసరమే రాలేదు. సగం చెప్పగానే అందుకున్నాడు. పక్కన ఊరికే ఉన్న రెండో కూలర్‌ను కూడా కలిపాడు. రెండూ కలిసి పనిచేస్తే ఒక్కో కాయిల్ అంత చల్లబడాల్సిన పని ఉండదు, గదికీ కాయిల్‌కూ మధ్య తేడా తగ్గుతుంది, మంచు పట్టడమూ తగ్గుతుంది. దీనికి తోడు నేల తడపడం, గోడల వెంట తడి గోనెసంచులు వేలాడదీయడం, సన్నటి నీటి తుంపర చల్లే ఒక ఫాగర్. తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి వేడి గాలి దూరి, కాయిల్ మీద భారం పెరిగి, తేమ నిలకడ తప్పుతుంది. రోజుకు రెండుసార్లకు మించి తలుపు తెరవకూడదని బోర్డు రాసి పెట్టాం.

గదిని బాగా కడిగించి, మిర్చి ఘాటు, చింతపండు వాసన పోయేదాకా గాలి ఆడించాం. ఆపిల్ పక్క వాసనలను పట్టేస్తుంది.

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. మా చాంబర్‌కు అవతలి పక్క అరటి మాగబెట్టే గది ఉంది. పుట్లూరు, నార్పల వైపు నుంచి వచ్చే గెలలు అక్కడ ఎథిలీన్ గ్యాసుతో పండుతాయి. అరటికి ఆ గ్యాసు ఎంత అవసరమో మా ఆపిల్‌కు అంత ప్రమాదం. రెండు గదులకూ ముందు వరండా ఒకటే, వాళ్లు గాలి మార్చడానికి తలుపు తీస్తే గ్యాసు మా తలుపు దగ్గరికే వస్తుంది. యజమానితో మాట్లాడి వాళ్ల ఎగ్జాస్ట్‌ను వెనక గోడకు పెట్టించాం. మా లోపల కూలర్ గాలి లాగే వైపు పొటాషియం పర్మాంగనేట్ సంచులు కట్టాం. అవి ఎథిలీన్‌ను పీల్చుకుంటాయి. పని చేస్తున్నంత కాలం ఊదారంగులో ఉంటాయి, శక్తి అయిపోతే గోధుమరంగుకు తిరుగుతాయి.

అక్టోబరు మొదటి వారం: మొదటి లారీ

44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతుంది, కర్నూలు, అనంతపురం మీదుగానే. మా ఏర్పాటు కూడా ఆ రోడ్డు మీదే ఆధారపడింది. ఇక్కడి చీనీకాయలు ఎత్తుకొని ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోయిన లారీకి తిరుగు లోడుగా ఆపిల్ ఎక్కించాం. చీనీ, అరటి ఉత్తరాదికి పంపడం మనవాళ్లకు కొత్త కాదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలే నడిచింది.

వచ్చినవి హిమాచల్ రాయల్ డెలీషియస్, కొన్ని గోల్డెన్ డెలీషియస్ డబ్బాలు. చిన్న సైజు కాయలే కావాలని పట్టుబట్టి కొన్నాను. చిన్న కాయ చవక అని మాత్రమే కాదు, ఒకే చెట్టు మీద పెద్ద కాయ కంటే చిన్న కాయ సాధారణంగా గట్టిగా ఉంటుంది, నిల్వకూ బాగా ఆగుతుంది. పెద్ద కాయలో కాల్షియం పలచబడిపోతుంది. మార్కెట్లో పెద్ద కాయకు ధర, మా యంత్రానికి చిన్న కాయే మేలు.

లారీ దిగేసరికి కాయ లోపల వేడి చూస్తే 24 డిగ్రీలు. ఇక్కడే కాలంతో పందెం. బయటి వేడిలో ఒక రోజు కూర్చున్న కాయ, చల్లగదిలో వారానికి పైగా కూర్చున్న కాయతో సమానంగా మెత్తబడుతుంది. హమాలీ మేస్త్రీ "పొద్దున దించుదాంలే సార్, పిల్లోళ్లు అలిసిపోయినారు" అన్నాడు. టీ, టిఫిన్లు తెప్పించి రాత్రికి రాత్రే దింపించాం. అలాగని మొత్తం లోడు ఒక్కసారి గదిలో తోసేస్తే గది వేడెక్కి, ముందున్న సరుకు కూడా పాడవుతుంది. అందుకే భాగాలుగా. డబ్బా డబ్బాకు మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు, గోడకు జానెడు దూరం, కింద చెక్క ప్యాలెట్లు. గాలి తగలని డబ్బా చల్లగదిలో ఉన్నా లేనట్టే.

గట్టితనం కొలిచే పద్ధతి

మా దగ్గర ఉన్నది చేతితో నొక్కే పెనెట్రోమీటర్. దాని కడ్డీ (ప్లంజర్) కాయ గుజ్జులోకి దిగడానికి ఎంత బలం పట్టిందో కిలోల్లో చూపిస్తుంది. ల్యాబ్ చూసే అమ్మాయి పట్టుదల వల్ల దానికి ఒక స్టాండు బిగించాం. ఆ పని ఎంత మంచిదయిందో తర్వాత తెలిసింది. చేత్తో నొక్కితే ఒకరు వేగంగా, ఒకరు నెమ్మదిగా నొక్కుతారు. వేగంగా నొక్కితే అంకె ఎక్కువ వస్తుంది.

చేసే తీరు ఇది. ఒకే సైజు కాయలు ఏరుకోవాలి. కాయ నడుము దగ్గర, ఎదురెదురుగా రెండు చోట్ల రూపాయి బిళ్లంత తొక్క పలచగా చెక్కాలి. ఎండ తగిలి బాగా ఎర్రబడిన చెంప గట్టిగా ఉంటుంది, అక్కడ కొలిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఎరుపుకూ పచ్చకూ మధ్య ఉన్న చోటు మేలు. ఆపిల్‌కు 11 మిల్లీమీటర్ల ప్లంజర్ వాడాలి, 8 మిల్లీమీటర్లది బేరికాయలకు. ప్లంజర్ మీద ఒక గీత ఉంటుంది, 8 మిల్లీమీటర్ల లోతుకు గుర్తు. కుదుపు లేకుండా, రెండు సెకన్లలో ఆ గీత దాకా దిగాలి. దిగేటప్పుడు మంచి కాయ 'టక్' మని చిన్న శబ్దంతో తెగుతుంది, చుట్టూ రసం ఊరుతుంది. పండిపోయిన కాయలో శబ్దమే ఉండదు, ప్లంజర్ మెల్లగా మునిగిపోతుంది, గుంత పొడిగా ఉంటుంది. అంకె కంటే ముందు ఆ గుంతను చూడటం అలవాటు చేసుకున్నాం.

గదిలోంచి తీసిన కాయను వెంటనే కొలిస్తే ఒక అంకె, బయట కాసేపు ఉంచి కొలిస్తే ఇంకో అంకె. ఏది పాటించినా పర్వాలేదు, ఎప్పుడూ అదే పాటించాలి. మేం గది వేడికి వచ్చాకే కొలుస్తున్నాం.

మొదటి లారీ రాయల్ డెలీషియస్ సగటు 6.2 కిలోలు. కాయ అడ్డంగా కోసి అయోడిన్ పోస్తే పిండిపదార్థం ఉన్న చోట నలుపు పడుతుంది. వీటిలో నలుపు అంచున మాత్రమే మిగిలింది. అంటే చెట్టు మీదే పండుబారి వచ్చిన కాయ. ఎక్కువ కాలం ఆగదు. ఆ రోజే పుస్తకంలో రాసి పెట్టాను, ఈ లాటును డిసెంబరు దాకా ఉంచకూడదని.

మా యంత్రాలను బట్టి గీతలు గీసుకున్నాం. 5.5 కిలోలకు పైన చక్రాలకు, 4.5 నుంచి 5.5 దాకా ముక్కలకు, అంతకంటే తక్కువ జామ్‌కు. వేరే యూనిట్‌లో బ్లేడు వేరు, కోత మందం వేరు, వాళ్ల గీతలు వాళ్లు గీసుకోవాలి.

అక్టోబరు చివర: రెండో లారీ

ఇది హిమాచల్‌లోని కిన్నౌర్ సరుకు. ఎత్తయిన చోట, చలిలో ఆలస్యంగా వచ్చే కోత. చేతిలో పట్టుకుంటేనే తేడా తెలిసింది. సగటు 7.4 కిలోలు, అయోడిన్ పోస్తే సగానికి పైగా నల్లబడింది. ఈ లాటు మీదే నా ఆశంతా.

పనివాళ్లందరినీ కూర్చోబెట్టి కాయ ఎందుకు మెత్తబడుతుందో చెప్పాను, ఎందుకంటే చివరికి తలుపు మూసేది వాళ్లే, డబ్బా విసిరేదీ వాళ్లే. ఇటుకల మధ్య సున్నం ఎలాగో, కాయలో కణాల మధ్య పెక్టిన్ అలాగ. కాల్షియం ఆ పెక్టిన్ పోగులను ఒకదానికొకటి కట్టి ఉంచుతుంది. కాయ పండే కొద్దీ దానిలోని ఎంజైములు పెక్టిన్‌ను కరిగిస్తాయి. ఆ పనికి పురమాయించేది ఎథిలీన్, అది కాయలోనే పుడుతుంది. చలి ఈ పనిని నెమ్మది చేస్తుంది, ఆపదు. కరిగిన పెక్టిన్‌ను వెనక్కి తెచ్చే గది ఎక్కడా లేదు. తొక్క తీసే యంత్రం దగ్గర కూర్చునే అక్క "అంటే మనం దాచేది కాయను కాదు సార్, టైమును" అంది. ఆమె మాట గది తలుపు మీది బోర్డులో కింద రాయించాను.

నవంబరు రెండో వారం

వారం వారం ప్రతి లాటు నుంచి కాయలు తీసి కొలుస్తున్నాం. రాయల్ డెలీషియస్ 5.4కు వచ్చింది. కిన్నౌర్ కాయ 7.1 దగ్గర నిలబడి ఉంది. గోల్డెన్ డెలీషియస్ సంగతే వేరు. అంకె 5.6 చూపిస్తోంది, కానీ కాయ పట్టుకుంటే తోలు వదులుగా జారుతోంది. గోల్డెన్ తొక్క మీద మైనం పొర బలహీనం, నీరు తొందరగా పోతుంది. నీరు పోయిన కాయ రబ్బరులా సాగుతుంది కాబట్టి ప్లంజర్‌కు ఎదురు తిరుగుతుంది, అంకె బాగానే కనిపిస్తుంది. కోస్తే మాత్రం కరకర ఉండదు. అందుకే ప్రతి లాటులో ఒక డబ్బాను తూకానికి కేటాయించాం. గోల్డెన్ డబ్బా బరువు దాదాపు నాలుగు శాతం తగ్గింది. నాలుగైదు శాతం తగ్గిందంటే ముడత కంటికి కనిపించే దశ. మిగిలిన గోల్డెన్ డబ్బాలకు లోపల పలచటి పాలిథిన్ లైనర్లు వేయించాం, గాలి ఆడటానికి చిల్లులు పెట్టినవి. ఇకముందు గోల్డెన్ తెస్తే వచ్చిన రోజే లైనర్ వేయాలి.

ఇక్కడ స్టోరేజీ మేనేజరుతో పెద్ద వాదన జరిగింది. గోదాం పద్ధతి ప్రకారం ముందొచ్చిన సరుకు ముందు బయటికి పోవాలి. రికార్డులన్నీ అలాగే రాస్తారు, డబ్బాలు కూడా ఆ వరసలోనే పేరుస్తారు. నా వాదన ఏమిటంటే, ఆపిల్‌కు వచ్చిన తేదీ పట్టించుకోవాల్సిన పని లేదు. రాయల్ డెలీషియస్‌లోనే రెండు తోటల కాయలున్నాయి, ఒకటి 5.7, ఇంకొకటి 5.1. ఒకే లారీ, ఒకే తేదీ. ముందు మెత్తబడేది ముందు పోవాలి. దానికి తగ్గట్టు తోట గుర్తును బట్టి డబ్బాల మీద సుద్దతో రంగు గీతలు గీసి, గది మధ్యలో దారి వదిలి, ఏ లాటునైనా నేరుగా తీయగలిగేలా మళ్లీ పేర్పించాం. రెండు రోజుల కూలి ఖర్చు అదనం. ఈ ప్రాజెక్టులో పెట్టిన ఖర్చులన్నిటిలో ఇదే అన్నిటికంటే ఫలితం ఇచ్చింది.

నవంబరు చివర

పర్మాంగనేట్ సంచులు అనుకున్నదానికంటే ముందే గోధుమరంగుకు తిరిగాయి. టెన్షన్ పట్టుకుంది. వెతికితే, అరటి గది వాళ్లు వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను కాలిపోవడంతో మళ్లీ ముందు తలుపు తీస్తున్నారు. సీజను ఒత్తిడిలో ఉన్నారు, వాళ్లనీ తప్పు పట్టలేను. మా ఖర్చుతోనే ఫ్యాను మార్పించి, మా తలుపుకు కొత్త రబ్బరు బీడింగు వేయించాం. మా కాయల్లోంచి కూడా ఎథిలీన్ వస్తుంది కాబట్టి తెల్లవారుజామున, బయటి గాలి చల్లగా ఉన్నప్పుడు, కాసేపు గాలి మారుస్తున్నాం.

కరెంటు పోయిన ఒక రాత్రి డీజిల్ జనరేటర్ సమయానికి అందుకోలేదు. గది మూడు డిగ్రీలకు పైకి పోయింది. తలుపు తెరవకపోవడం వల్ల కాయ లోపల వేడి పెద్దగా కదల్లేదు. ఇలాంటప్పుడు ఆదుర్దాతో తలుపు తీసి చూడటమే అసలు ప్రమాదం, బయటి వెచ్చటి గాలి లోపలికి వచ్చి చల్లటి కాయ మీద చెమట పడితే కుళ్లు మొదలవుతుంది.

డిసెంబరు: యంత్రాల దగ్గర

రాయల్ డెలీషియస్ గట్టి తోట లాటు చక్రాలకు అయిపోయింది. మెత్తటి తోట లాటును ముక్కలకు మళ్లించాం. దాని కోసం చేసిన ప్రయోగం బాగా పనిచేసింది. కోసిన ముక్కలను 60 డిగ్రీల దగ్గర నీళ్లలో కాసేపు ఉంచి, తర్వాత ఒక శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచాం. ఆ వేడిలో కాయలోని ఒక ఎంజైము పెక్టిన్‌ను కాల్షియం పట్టుకోగలిగే రూపానికి మారుస్తుంది. తర్వాత కాల్షియం వచ్చి బిగిస్తుంది. ముక్క అంచులు నిలబడ్డాయి, డ్రయ్యర్‌లో తునగలేదు. ద్రావణం ఎక్కువైతే చేదు వస్తుంది, ఒక శాతం దాటనివ్వడం లేదు. నల్లబడకుండా నిమ్మ ఉప్పు, విటమిన్ సి కలిపిన నీళ్లు వేరే.

ఇది పిండిపిండిగా అయిన కాయను బతికించదు. ఆ కాయలో కణాలు పగలకుండా ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, రసం లోపలే చిక్కుకుంటుంది. కాల్షియం పట్టుకోవడానికి అక్కడ పెక్టినే మిగిలి ఉండదు.

జామ్‌కు మెత్తటి కాయ అయినా చాలు అని చాలామంది అనుకుంటారు. పూర్తిగా పండిపోయిన కాయతో వండిన బ్యాచ్ గట్టిపడకుండా చెంచా నుంచి కారిపోయింది. జామ్ నిలబడటానికి కావలసింది కూడా అదే పెక్టిన్. నిబంధనల ప్రకారం పండు 45 శాతం, కరిగిన ఘన పదార్థాలు 65 శాతం తగ్గకుండా ఉండాలి, ఆ లెక్క సరిపోయినా జామ్ మాత్రం నిలవలేదు. కిన్నౌర్ కాయల తొక్కలు, గింజల భాగం ఉడికించి వడకట్టిన రసం కలిపాక కుదిరింది. గట్టి లాటులో పారేసే తొక్కే మెత్తటి లాటుకు మందయింది. ఇప్పుడు తొక్కలు పారేయకుండా ఏ రోజువి ఆ రోజే ఉడికిస్తున్నాం.

ఒక నియమం కూడా ఖాయం చేశాం: ఒక షిఫ్టుకు సరిపడా మాత్రమే గదిలోంచి తీయడం. బయట మిగిలిపోయిన డబ్బాను మళ్లీ లోపల పెట్టకుండా ఆ రోజే ముక్కలకో జామ్‌కో వాడేస్తున్నాం.

జనవరి రెండో వారం

కిన్నౌర్ కాయ 6.3 దగ్గర ఉంది. చక్రాలు చక్కగా వస్తున్నాయి, తొక్క సన్నగా లేస్తోంది. కొన్ని కాయలను వారం ముందే బయట ఉంచి చూస్తున్నాం, తొక్క మీద గోధుమరంగు మచ్చలు వస్తాయేమోనని. స్కాల్డ్ అనే ఈ మచ్చ చల్లగదిలో కనిపించదు, బయటి వేడికి వచ్చాకే బయటపడుతుంది. కొన్నిటి మీద లేతగా కనిపించింది, తొక్క తీసేస్తాం కాబట్టి మాకు నష్టం లేదు. కోసి చూస్తే లోపల గుజ్జు తెల్లగా ఉంది, అదే ముఖ్యం.

ఒన్-ఎంసీపీ గురించి చాలామంది అడుగుతున్నారు. అది ఒక వాయువు, కాయలో ఎథిలీన్ కూర్చునే చోటును ముందే ఆక్రమించి, కాయకు పండమన్న సంకేతం అందకుండా చేస్తుంది. కోసిన కొద్ది రోజుల్లోనే, మూసిన గదిలో, దాదాపు ఒక రోజు పాటు ఆ వాయువులో ఉంచాలి. ఇన్ని రోజులు లారీలో తిరిగి వచ్చిన కాయకు ఇక్కడ వాడితే ఫలితం తక్కువ. అది తోట దగ్గర జరగాల్సిన పని. వచ్చే సీజను కిన్నౌర్ వ్యాపారితో ఈ విషయం ముందే మాట్లాడాలి.

ఫిబ్రవరి అవసరానికి కశ్మీర్ వైపు చూస్తున్నాం. పుల్వామా జిల్లా లస్సీపొరాలో సీఏ (గాలిని అదుపు చేసే) స్టోరేజీలు ఉన్నాయి, గదిలో ఆక్సిజన్‌ను రెండు మూడు శాతానికి తగ్గించి కాయను నిలిపి ఉంచుతారు. ఆ గది తెరిచాక కాయ మళ్లీ మామూలుగానే పండుతుంది కాబట్టి రెండు వారాల్లో కోసేయగలిగినంతే తెప్పించాలి. నమూనా డబ్బా పంపమని అడిగాం. ధర మాట్లాడే ముందు తోట గుర్తు, కోత తేదీ, గది తెరిచిన తేదీ, లోడు ఎక్కించేటప్పటి గట్టితనం అంకె రాసి పంపాలని షరతు పెట్టాం. ఇక్కడ దిగాక మా అంకె వాళ్ల అంకె కంటే అర కిలోకు మించి తగ్గితే ఆ డబ్బాలు చక్రాల ధరకు కాకుండా ముక్కల ధరకే తీసుకుంటామని కూడా రాశాం. ఒక వ్యాపారి ఒప్పుకున్నాడు, ఇంకొకరు ఆలోచిస్తామన్నారు. ఒప్పుకున్నవారి నమూనా వచ్చే వారం లారీలో వస్తోంది.